సున్నా పెట్టే రింగు

యాకుత్‌పురాలోని నా కారు ఇంజన్ల రిపేరు షెడ్డుకు ఈ రోజు పొద్దున్నే యాదగిరి వచ్చాడు. మొన్న దసరా దాకా ఇద్దరం కలిసే పనిచేశాం. వాడు విడిపోయి కార్వాన్‌లో సొంత షెడ్డు పెట్టిన రోజే, సిలిండర్ లోపల ఎంత అరిగిందో కొలిచే నా గేజి డబ్బాతో సహా మాయమైంది. ఆయుధపూజకు నేను బొట్టు పెట్టిన డబ్బా! అడిగితే నలుగురి ముందు "ఏ గేజి? నేను జూడలే" అన్నాడు.

తొందరలో వాడు ఒకటి మరిచిపోయాడు. గేజి ముల్లును సున్నాకు తెచ్చే ఉక్కు రింగు నా సొరుగులోనే ఉంది. అది లేకపోతే ఆ గేజి చెప్పేవన్నీ అబద్ధాలే.

"అన్నా, జర ఆ రింగు ఇయ్యవా? కొలత తప్పింది. కొత్త పిస్టన్లు ఏసినా బార్కస్‌ల ఉండే భాయ్ టాక్సీ పొగ కక్కుతుంది. మస్తు లొల్లి చేస్తుండు" అన్నాడు తల దించుకుని.

"రింగు బయటికి ఇయ్య. గేజి ఈడికే తే, సున్నా నేనే పెడ్త" అన్నాను తియ్యగా.

మధ్యాహ్నం తువ్వాలులో చుట్టి తెచ్చాడు. డబ్బా మీద నా బొట్టు ఇంకా చెరగలేదు. గేజిని రింగులో పెట్టి, ముల్లును సున్నాకు తెచ్చి, రెండింటినీ సొరుగులో వేసి తాళం తిప్పాను.

"అన్నా, గేజి?"

"ఏ గేజి? నేను జూడలే."

ఇంట్లో చెబితే మా ఆవిడ "గింత పగ పట్టుడేంది?" అంది. నేను మాత్రం అన్నం మారు వడ్డించుకున్నాను. చెప్పండి, మీరైతే తాళం తీసేవారా?