మధ్య ఫారం

ఇది ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు. ఏలూరులో ఒక ప్రెస్సు బైండింగు సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసి, మానేశాకే అక్షరాలు నేర్చుకున్నాను. అంతవరకు నాకు తెలిసినవి అంకెలు మాత్రమే. ఫారాలు మడవడానికి అవి చాలు.

2004 వేసవిలో నాకు అప్పగించిన పని ఒక చిన్న పత్రిక. తాడేపల్లిగూడెంలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన ఒకాయన దాన్ని నడిపేవారు. పాత బొమ్మల కథల పుస్తకాలు ఎవరు గీశారు, ఎక్కడ అచ్చయ్యాయి, ఎలా మాయమయ్యాయి అన్నదే అందులో విషయం. నూట యాభై కాపీలు వేసేవాళ్లం. ఒక్కో సంచికకు మూడు ఫారాలు. పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే పదహారు పేజీల ఫారం వస్తుంది. ఒకదానిలో ఒకటి పెట్టి నడుమ పిన్ను కొట్టి, మూడు వైపులా కత్తిరిస్తే పుస్తకం. అన్నిటికన్నా లోపల ఉండేది మధ్య ఫారం.

ఆ సంచికలో మధ్య ఫారం మొత్తం ఒక పాత బొమ్మల కథ. కొల్లేటికోటకు చెందిన పెద్దిరాజుగారు వయసులో ఉన్నప్పుడు గీసింది. వరదలో ఒకతను మంత్రసానిని దోనెలో తీసుకెళ్లే కథ. ఆ ఫారాలు మడతకు వచ్చిన మర్నాడు పదకొండింటికి ఏలూరులోనే సభ, ఆయనకు సన్మానం.

నేను చదవలేను కాబట్టి మడతపెడుతూ బొమ్మలు చూస్తాను. దోనెవాడు మొదట గెడ లేక గరిటెతో నీళ్లు తోస్తున్నాడు. ఆ తరవాత పేజీలో దోనె నడిపే గెడ విరిగింది. చివరికొచ్చేసరికి బాలింత ఒళ్లో పిల్ల ఉంది, తరవాతి పేజీలో మంత్రసాని దోనె దిగుతోంది.

మా సూపర్‌వైజరు వెంకట్రావుగారికి చూపించాను. ఆయన పేజీ నంబర్లు చూసి, సరిగానే ఉన్నాయి, పని కానివ్వమన్నారు. అప్పుడే మాస్టారు వచ్చారు. ఆయన్నే అడిగాను.

"మంత్రసాని రాకముందే పిల్ల ఎలా పుట్టిందండీ?"

"అదేనమ్మా ఆయన గొప్పతనం. కాలాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాడు. దాని మీదే నేను ఎనిమిది పేజీల వ్యాసం రాశాను."

"కాలం కాదండీ, కాగితం తిరగబడింది. ఇది బైండింగు తప్పు."

వెంకట్రావుగారు నవ్వారు. "ఆయన ఎనిమిది పేజీలు రాశారు. నువ్వు ఒక్క ముక్క చదవలేవు. ఎవరి మాట వినమంటావు రత్నమ్మా?" అని, పెళ్లికార్డుల ప్రూఫు చూపించడానికి ద్వారకా తిరుమల వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండింది. ఒక తెల్ల కాగితం మడిచి, పై మడతా పక్క మడతా చీల్చి మాస్టారికి చూపించాను. ఫారంలో నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి ఉంటాయి. రెండోది, మూడోది తారుమారైతే సరిగ్గా ఈ కథలాగే అవుతుంది, ముందు రెండాకులూ వెనక రెండాకులూ ఒకేసారి తప్పుతాయి. పాత పుస్తకంలో పేజీ నంబర్లు లేవు. అప్పుడు బైండరు పొరపాటు చేశాడు. మాస్టారు ఆ పొరపాటుకే వరసగా నంబర్లు వేయించి, చరిత్ర అన్నారు. అప్పుడు ఎలా అచ్చయిందో అలాగే వేయాలి కదమ్మా అని వాదించారు.

మధ్యాహ్నం పెద్దిరాజుగారే వచ్చారు, మొదటి కాపీ చూద్దామని. పేజీలు తిప్పి, పుస్తకం బల్ల మీద పెట్టేశారు.

"మళ్లీ ఇలాగే వేశారాండీ?"

మాస్టారు ఆ పుస్తకం అందుకున్నారు.

"అప్పుడే చెప్పానండీ. అప్పటి ప్రెస్సాయన, నువ్వే తలాతోకా లేకుండా గీశావన్నారు. ఊళ్లోవాళ్లు నన్ను చూస్తే, పిల్ల పుట్టిందా, మంత్రసాని వచ్చిందా అని అడిగేవారు. మరి బొమ్మలు ఎవరూ అడగలేదు. చేపల చెరువుల మీద కాపలాకి పోయాను. ఈసారన్నా వరసగా ఉంటుందనుకున్నానండీ."

అప్పటికి గాని మాస్టారికి తన వ్యాసం తప్పని తట్టలేదు. అది ఇంకో ఫారంలో అచ్చయిపోయింది. దాని సంగతి సభలో తానే ఒప్పుకుంటానన్నారు. కథ సంగతి నేను చూస్తానన్నాను. మధ్య ఫారాలన్నీ పై మడతా పక్క మడతా చీల్చి, రెండో కాగితం, మూడో కాగితం మార్చి పెట్టుకుంటూ వెళ్లాను. నంబర్లు తప్పాయి, కథ కుదిరింది. పెద్దిరాజుగారు పక్కన కూర్చుని ఒక్కోటీ చూసి దొంతర పేర్చారు. సాయంత్రానికి అయిపోయింది. పిన్నులు పొద్దున కొడతానని, వెంకట్రావుగారు వస్తే ఇవి ముట్టుకోవద్దని చెప్పమని మెషీన్ నడిపే అతనికి చెప్పి ఇంటికి వెళ్లాను.

అతను మర్చిపోయాడు. నేను వెళ్లాక వెంకట్రావుగారు తిరిగొచ్చి నంబర్లు చూసి, రత్నమ్మ మతిపోయి కలిపేసిందని, ఇద్దరు అమ్మాయిల చేత అన్నీ మళ్లీ నంబర్ల ప్రకారం పెట్టించి, సగానికి పిన్నులు కూడా కొట్టించారు. తప్పు ఆయనది అనలేను. నంబరు చూసి పెట్టమని ఆ అమ్మాయిలకు నేర్పింది నేనే.

దీనివల్ల నాకు తెలిసింది రెండు ముక్కలు. పేజీ నంబరు సరిగా ఉన్నంత మాత్రాన పుస్తకం సరిగా ఉన్నట్టు కాదు. నోటితో చెప్పిన పని, చెప్పిన మనిషి గడప దాటేవరకే నిలుస్తుంది. దొంతర మీద ఒక చీటీ రాసి పెట్టగలిగి ఉంటే మూడు గంటల పని తప్పేది.

మర్నాడు ఉదయం ఏడింటికే వెళ్లి పిన్నులు ఊడబీకాను. కాగితాలు మళ్లీ మార్చి, పిన్నులు కొట్టి, కత్తిరించి, కట్టలు కట్టేసరికి పదిన్నర. వెంకట్రావుగారు గుమ్మంలోకి వస్తూ కట్టల వైపు చూశారు. పుస్తకాల మీద కూర్చోకూడదని నాకూ తెలుసు. మాస్టారి ఆటో వచ్చేవరకు వాటి మీదే కూర్చున్నాను.