పది గడులు, పది సంతకాలు

మా ఇంట్లో బీరువా అడుగు అరలో, పెళ్ళినాటి చీరల కింద, పొడుగాటి రిజిస్టరు ఒకటుంది. ఎనిమిదేళ్ళుగా దాని బరువు నా గుండెల మీదే ఉంది. ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు మారినప్పుడు సామానంతా లారీలో వచ్చింది గానీ, దాన్ని మాత్రం సంచిలో వేసి, దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇంట్లో ఎవరు బీరువా తలుపు తీసినా నాకు చెమటలు పడతాయి. మా ఆయన అది నగల మీద భయమనుకుంటాడు. పాపం, ఆయన నన్ను చాలా మంచిదాన్ని అనుకుంటాడు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ధైర్యం వచ్చి చెప్పడం లేదు, భయం ఎక్కువై చెబుతున్నాను. రేపు పది గంటలకు ఒకమ్మాయి నేనిప్పుడు పనిచేసే కాలేజీకి వస్తోంది. ఆమె వచ్చేలోపు ఈ మాట ఒక్కరి చెవినైనా వెయ్యాలి.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. ఏటేటా ప్రిన్సిపాల్ సంతకం పెడితేనే మళ్ళీ ఏడాదికి ఉద్యోగం. పక్కన పిహెచ్‌డీ కూడా చేస్తున్నాను. డిగ్రీలో చేరిన పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తారు, ఎవరు అండగా ఉంటే నిలబడతారు, ఇదీ నా పరిశోధన. నవ్వు వస్తుంది కదూ? నాకైతే రావడం లేదు.

కాలేజీలో ప్రతి లెక్చరర్‌కీ పాతికమంది పిల్లల్ని అప్పగించేవారు. వాళ్ళకు మనం మెంటర్. నెలకొకసారి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కష్టసుఖాలు అడగాలి. రిజిస్టరులో ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ. పేజీలో నెలకొక గడి చొప్పున పది గడులు. సమస్య ఏమిటి, మనం ఇచ్చిన సలహా ఏమిటి, చివర విద్యార్థి సంతకం. కాగితం మీద ఎంత చక్కటి పద్ధతో!

జరిగేది వేరు. పరీక్షలప్పుడు సంతకం కోసం పిల్లల్ని ఎక్కడ వెతుకుతాం అని, చేరిన మొదటి వారంలోనే పది ఖాళీ గడుల్లోనూ సంతకాలు పెట్టించేసేవాళ్ళం. తనిఖీ కమిటీ వస్తోందనగానే, రెండు రోజులు కూర్చుని పది నెలల కష్టసుఖాలూ రాసేవాళ్ళం. అన్నీ ఒకేరోజు రాసినట్టు కనబడకుండా ఒక నెలకు నీలం పెన్ను, ఒక నెలకు నలుపు. అందరూ అదే చేసేవారు. నలుగురితో నారాయణ, గుంపులో గోవిందా అని నేనూ చేశాను. ఇందులో తప్పుందని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

నా పాతికమందిలో ఒకమ్మాయి జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేది. షాహీన్ అనుకుందాం. అసలు పేరు చెప్పను. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి ఇంటి దగ్గర బట్టలు కుట్టేది. మొదటి వారం సంతకాలు పెడుతూ, మిగతా పిల్లలంతా గబగబా గీకేస్తుంటే, ఈ పిల్ల మాత్రం పది సార్లూ పేరు పూర్తిగా, గుండ్రంగా రాసింది. "మేడం, ఇందులో ఏం రాస్తారు?" అని అడిగింది. మీ కష్టసుఖాలు రాస్తాను, ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు, ఏదైనా ఉంటే నాతో చెప్పుకో అన్నాను. ఏటా అందరికీ చెప్పే మాటే అది. ఆ పిల్ల నమ్మింది.

రెండు నెలల తర్వాత, క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక, వరండాలో నన్ను ఆపింది. తనకు ఫిట్స్ వస్తాయని చెప్పింది. వచ్చే ముందు కాలిన రబ్బరు వాసన తగులుతుందట. పక్కవాళ్ళకు తెలియదట, తనకొక్కదానికే. ఆ వాసన రాగానే ఎక్కడున్నా కింద కూర్చుంటుందట. ఫిట్స్ వచ్చాక రెండు రోజులు మంచం మీంచి లేవలేదట. నెలనెలా ఆస్పత్రికి పోవాలి. హాజరు తగ్గిపోతోంది. ఆస్పత్రి చీటీ ఆఫీసులో ఇస్తే ఊరంతా తెలుస్తుందనీ, రేపు సంబంధాలు చూసేటప్పుడు అదే అడ్డమవుతుందనీ తల్లి భయం.

"మా అమ్మీ ఎవురికీ చెప్పొద్దనింది మేడం. మీరు మీ పుస్తకంలో రాసిపెట్టండి సాలు. రేపు ఎవురన్నా అడిగితే మీరుండారు కదా."

రాస్తాలేమ్మా, నువ్వు పో, బస్సు తప్పిపోతుంది అన్నాను. ఆ పిల్ల మొహం ఎంత తేలికపడిందో! మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి నవ్వింది కూడా.

ఆరోజు రాయలేదు. రేపు రాద్దామనుకున్నాను. తర్వాత మరిచిపోయాను. కమిటీ వస్తోందని తెలిసి రెండు రోజులు కూర్చుని పాతికమందికి రాసినప్పుడు, ఆమె పేజీలో కూడా అందరికీ రాసినట్టే రాసేశాను. సమస్యలేవీ లేవు. సంతోషంగా ఉంది. శ్రద్ధగా చదువుతోంది. నీలం, నలుపు, నీలం.

పరీక్షలు దగ్గర పడ్డాయి. హాజరు చాలనివాళ్ళ జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. అందులో షాహీన్ పేరుంది. ఆరోగ్యం బాగాలేదని మెంటర్ చెబితే కొంత సడలింపు ఇస్తారు. ఆ పిల్ల తల్లిని తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. నాకు కబురొచ్చింది, రిజిస్టరు తీసుకుని రమ్మని.

ఆ గది నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. బల్ల ఇవతల ఇద్దరూ నిలబడి ఉన్నారు. తల్లి బురఖా అంచును వేలికి చుట్టుకుంటూ ఉంది. పక్కన గుమాస్తా ఉన్నాడు కాబట్టి షాహీన్ జబ్బు పేరు చెప్పలేదు.

"ఒంట్లో బాగుండదు సార్. మేడంకు అంతా తెలుసు. పుస్తకంలో ఉంది" అంది.

నేను రిజిస్టరు బల్ల మీద పెట్టాను. ప్రిన్సిపాల్ పేజీ తిప్పాడు. చదివాడు. పుస్తకం ఆమె వైపు తిప్పాడు.

"ఏమ్మా, ఈ సంతకం ఎవురిది?"

"నాదే సార్."

"దానిమింద ఏం రాసిండారో చదువు."

ఆ పిల్ల చదివింది. పైకి చదవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. పై గడి నుంచి కింది గడి దాకా, పదీ చదివింది.

"పది నెలలు ఏ సమస్యా లేదని సంతకాలు పెట్టి, ఇప్పుడొచ్చి ఒంట్లో బాగలేదంటే ఎట్ల నమ్మేది?"

తల్లి నా వైపు తిరిగింది. "మేడం, మా పాప మీకు చెప్పినాననింది. ఆ పొద్దు ఇంటికొచ్చి ఎంత కుశాలగా చెప్పిందో. చెప్పలేదా మేడం?"

ఒక్క మాట చాలు. చెప్పింది సార్, రాయకపోవడం నాదే తప్పు. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా అంటే తర్వాతి ప్రశ్న ఏమిటి? మరి ఈ సంతకాలెలా వచ్చాయి? కమిటీ వచ్చే వారమే వస్తోంది. నా కాంట్రాక్టు కాగితం అదే బల్ల మీద, ఆయన సంతకం కోసం ఉంది. నాకు కనబడుతూనే ఉంది.

"నాకు గుర్తులేదమ్మా" అన్నాను.

షాహీన్ నా మొహంలోకి చూసింది. సంతకాలు ముందే పెట్టించారని ఆ పిల్ల అనవచ్చు. అంటే నేను అయిపోయేదాన్ని. అంటుందనే అనుకున్నాను. ఆమె మాత్రం వాళ్ళమ్మ మోచెయ్యి పట్టుకుంది. "పోదాం పా అమ్మీ" అంది.

తర్వాత ఆమె కాలేజీకి రాలేదు. వచ్చే ఏడాది మళ్ళీ చేరవచ్చని ఆఫీసువాళ్ళు చెప్పి పంపారట. ఎవరు చేరతారు? హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్రగీత పడింది. వారంలో కమిటీ వచ్చింది, రిజిస్టర్లు చూసి మెచ్చుకుంది. పది సంతకాలూ ఒకే సిరా, ఒకే వంపు. తేరిపార చూస్తే చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఎవరూ చూడలేదు.

ఇంతటితో ఆగితే దీన్ని పిరికితనం అనవచ్చు. ఆగలేదు. ఆ రిజిస్టర్లనే నా పరిశోధనకు ఆధారంగా వాడాను. మెంటర్ పద్ధతి వల్ల పిల్లలు చెప్పుకోవడం పెరిగిందనీ, చదువులో నిలబడుతున్నారనీ రాశాను. మానేసినవాళ్ళ పట్టికలో షాహీన్‌ని ఏ వరుసలో వెయ్యాలా అని కాసేపు ఆలోచించాను. "కుటుంబ కారణాలు" అన్న వరుసలో వేశాను. మౌఖిక పరీక్షలో పెద్దాయన ఒకరు, పిల్లల గొంతు వినిపించిన పరిశోధన అని పొగిడారు. నా పేరు ముందు డాక్టర్ వచ్చింది. రిజిస్టరు మాత్రం కాలేజీకి తిరిగి ఇవ్వలేదు. పోయిందని చెప్పాను.

ఆ తర్వాత భయం నాకు ఇంట్లో మనిషి అయిపోయింది. బస్సు జమ్మలమడుగు బస్టాండులో ఆగితే కొంగు తల మీదికి లాక్కుంటాను. బురఖా వేసుకున్న ఏ అమ్మాయి నా వైపు చూసినా చూపు తిప్పేసుకుంటాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే నా బతుకు. అన్నిటికంటే ఆ వాసన. డ్రైవరు గట్టిగా బ్రేకు వేసినప్పుడు రబ్బరు కాలిన వాసన వస్తే, నాకు ఎక్కడో ఒక పిల్ల పొయ్యి దగ్గర కింద కూర్చుంటున్నట్టు అనిపిస్తుంది. పక్కన ఎవరైనా ఉన్నారా? బతికుందా? ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. కానీ వచ్చే జవాబు ఏదైనా నేను వినలేను.

ఒక శ్రావణ శనివారం గండి గుడికి పోయి ఆంజనేయస్వామి ముందు నిలబడ్డాను. తప్పు క్షమించు స్వామీ అన్నాను. ఏ తప్పో మాత్రం చెప్పలేదు. వెనకాల జనం ఉన్నారని సర్దిచెప్పుకుని, కొబ్బరిచిప్ప తీసుకుని వచ్చేశాను.

పోయిన వారం ఒకమ్మాయి ఫోను చేసింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. ఈ జిల్లాలో డిగ్రీ మధ్యలో మానేసినవాళ్ళను వెతికి పట్టుకుని, వాళ్ళ నోటితోనే ఎందుకు మానేశారో రాసుకుంటోందట. నా సిద్ధాంత గ్రంథం చదివిందట. సోమవారం పదింటికి మీ కాలేజీకి వచ్చి కలుస్తాను, పాత రిజిస్టర్లేమైనా ఉంటే చూపిస్తారా మేడం అంది. పోయాయమ్మా అని అలవాటుగా అనేశాను. అప్పుడు చెప్పింది.

"పర్వాలేదు మేడం. మీ పాత స్టూడెంట్ ఒకామె జమ్మలమడుగులో దొరికింది. షాహీన్. టైలరింగ్ షాపు పెట్టుకుంది. మీ పేరు చెప్తే ఒకటే అడిగింది, ఆ మేడం ఇంకా పాఠాలు చెప్తాండారా అని."

బతికుంది. మొదట అదే వినబడింది. ఏడ్చాను. ఆ తర్వాత ఆ ప్రశ్న నెమ్మదిగా లోపలికి దిగింది. పాఠాలు చెప్తాండారా? కోపమా అది? ఎగతాళా? మామూలుగా అడిగిందా? వారం రోజులుగా తింటున్నా, పడుకున్నా అదే. నా భయం ఆమె చెప్పేస్తుందేమోనని కాదు. చెప్పేస్తే ఒక రకంగా బతికిపోతాను. రేపు కూడా ఆమె "సంతకం నాదే" అని ఊరుకుంటే? ఇంకో పరిశోధనలో ఇంకోసారి కుటుంబ కారణాలు అయిపోతే?

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇందాక మీకు కూడా ఒక అబద్ధం చెప్పాను. మరిచిపోయానన్నాను కదా? మరిచిపోలేదు. ఆ పేజీ తిప్పినప్పుడు ఆమె వరండాలో చెప్పిందంతా నాకు గుర్తుంది. జబ్బు ఉందని రాస్తే, మరి మెంటర్‌గా మీరేం చేశారని కమిటీ అడుగుతుంది. నేనేమీ చెయ్యలేదు. సమస్య లేదని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. అది ఆలోచించి, పెన్ను మార్చి, రాశాను. ఈ మాట నాలో నేను కూడా ఇంతవరకు అనుకోలేదు.

ఇది ఆదివారం మధ్యాహ్నం. ఇంట్లోవాళ్ళు పెళ్ళికి పోయారు. రిజిస్టరు బయటికి తీసి ముందు పెట్టుకున్నాను. పేజీలు పసుపెక్కాయి గానీ ఆ గుండ్రటి సంతకాలు అలాగే ఉన్నాయి. పదో గడి కింద నాలుగు వేళ్ళంత జాగా ఉంది. స్కేలుతో పదకొండో గడి గీశాను. అందులో ఇలా రాశాను. "ఈ విద్యార్థిని తన ఆరోగ్య సమస్య నాతో చెప్పి రాసిపెట్టమంది. నేను కావాలనే రాయలేదు. అడిగినప్పుడు గుర్తులేదని అబద్ధం చెప్పాను. పై సంతకాలన్నీ మొదటి వారంలో ఖాళీ గడుల్లో పెట్టించినవి." జబ్బు పేరు రాయలేదు. ఎవరికి చెప్పాలో ఆమె ఇష్టం. ఈరోజు తేదీ వేసి, నా పేరు పూర్తిగా రాశాను.

రేపు ఈ పుస్తకం ఆ పరిశోధన అమ్మాయికి ఇచ్చి, ముందు షాహీన్‌కు చూపించమంటాను. ఉద్యోగం పోతుందో, పేరు ముందున్న ఆ డాక్టర్ అన్న మాట పోతుందో, మా ఆయన ఏమంటాడో తెలియదు. భయం పోలేదు. కానీ మీకు చెప్పాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఊపిరి పూర్తిగా అడుగుదాకా దిగింది.

పదకొండో గడిలో విద్యార్థి సంతకం దగ్గర ఖాళీగా వదిలేశాను. ఈసారి ఆమె ముందు చదవాలి. చదివాక పెట్టకపోతే, నేను పెట్టమని అడగను.