డెల్మర్ ట్రక్కు కుక్కనడక

మా వీధిలో ఎవరింటి ముందు ఏ బండి ఆగిందో, ఎంతసేపు ఆగిందో నాకు తెలియకుండా పోదు. నా వంటగది కిటికీ అలాంటి చోట ఉంది, నేనేం చేయను? ఆ కిటికీలోంచే మొదట చూశాను, డెల్మర్ ట్రక్కు వంకరగా వెళ్లడం. ముక్కు కాస్త కుడికి తిరిగి ఉంది, వెనక భాగం ఎడమకి జరిగి ఉంది, బండి మాత్రం తిన్నగానే పోతోంది. మా కుక్క బిస్కెట్ కూడా పరుగెత్తేటప్పుడు అంతే, నడుము ఓ పక్కకి పెట్టుకుని పోతుంది. అందుకే మా వైపు దీన్ని కుక్కనడక అంటారు. వెనక ఇరుసు తన చోటు నుంచి జరిగిన బండికి వచ్చే జబ్బు ఇది.

డెల్మర్ మా పక్కింటివాడు. కుర్రతనంలో గనిలో చేశాడు. గని మూతపడ్డాక కౌంటీ మట్టిరోడ్లు చదును చేసే గ్రేడర్ నడిపాడు. మాటలు తక్కువ. ఆ ఇంటి మాటలన్నీ భార్య రోవీనాయే మాట్లాడేది. బడి వంటశాలలో పనిచేసేది, పిల్లల మీద అరిచి అరిచి గొంతు గరగరలాడేది. వాళ్లకి పిల్లలు లేరు. ఆ ట్రక్కు ఉంది. వాళ్లిద్దరే పెరట్లో దాన్ని పైకి లేపారు. కమాన్ కట్టలకీ ఇరుసుకీ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి, నా నడుము దాకా వచ్చే టైర్లు వేశారు. రోవీనా పొట్టిది. ఎక్కడానికి పాల డబ్బాల పెట్టె ఒకటి తాడుకట్టి వెనక వేలాడదీసింది. ఆమె పోయి రెండో ఏడు నడుస్తోంది. ఆ పెట్టె ఇంకా అక్కడే వేలాడుతోంది.

అంత ఎత్తు బండి ఎందుకంటే, మీసా పైకి పోవడానికి. ఊరికి ఉత్తరాన బల్లలాగా చదునుగా కనిపించే ఎర్ర కొండ అది. పైన గనివాళ్ల రాతి గుడిసె ఒకటి ఉంది. పెళ్లయిన కొత్తలో డెల్మర్‌కి అక్కడ కాపలా పని. రోవీనా ఓ పీచ్ పండు తిని, గింజని గుడిసె పక్కన పాతింది. అది మొలిచింది. అక్కడ నీటిచుక్క లేదు. అందుకని ఎండాకాలమంతా ట్రక్కులో పీపా నింపుకుని పోయి పోసేవాళ్లు. మనుషులకే నీళ్లు కరువైన చోట ఒక్క చెట్టుకి అంత సేవా అని నేను అంటే, "నీకు కుక్క లేదా ఓపల్? నాకిది," అనేది రోవీనా.

ఈ ఏడు ఎండలు ముందే వచ్చాయి. డెల్మర్ మొదటి పీపాతో బయలుదేరి, సగం దారి నుంచి నిండు పీపాతోనే తిరిగొచ్చాడు. నేను కంచె దగ్గరికి వెళ్లకుండా ఎలా ఉంటాను?

"ఏమైంది?"

"బండ దెబ్బ. సెంటర్ బోల్టు తెగింది. ఎడమవైపు ఇరుసు వెనక్కి జరిగింది."

"అయితే?"

"గట్టు దారిలో లోయ ఎడమ పక్కనే. ముందు చక్రాలు పోయిన చోట వెనక చక్రాలు పోవట్లేదు. అంచు విరిగింది. రివర్సులో దిగొచ్చాను."

ఆ గట్టు దారి నాకు తెలుసు. వెడల్పు ట్రక్కంతే.

ఇరుసుని దాని చోట నిలిపేది ఆ బోల్టే. తర్వాత డెల్మర్ కొత్తది వేశాడు. కానీ బోల్టు కూర్చునే రంధ్రం దెబ్బకి సాగిపోయింది. ఇరుసు వేలి మందాన ముందుకీ వెనక్కీ ఆడుతోంది. కొలిచి, సరైన చోట నిలిపి, బిగించాలి. కొలిచాడు, బిగించాడు, నడిపాడు. కుక్కనడకే. విప్పాడు, మళ్లీ కొలిచాడు, మళ్లీ అదే. నా కిటికీకి వేరే పని లేకుండా పోయింది.

పెట్రోలు బంకులో పొద్దున కాఫీ దగ్గర మగవాళ్లకి అదే వేళాకోళం. టైర్ల షాపు లైల్ అయితే మరీను. "డెల్మర్, ముక్కేమో చర్చికి, తోకేమో బారుకి! ఎటు పోవాలో ముందు తేల్చుకోమను నీ ట్రక్కుని!"

డెల్మర్ కప్పు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

"నీ నోట్లో టైరు దూర్చ," అన్నాను లైల్‌తో. "నీ దగ్గర చక్రాలు సరిచూసే మిషన్ ఉందిగా, చూసి పెట్టకూడదూ?"

"చూద్దామనే అనుకున్నా ఓపలత్తా. అంత ఎత్తు బండి నా షెడ్డు తలుపులో పట్టదు. అయినా ఆయన అడిగితేగా! రోవీనమ్మ ఉన్నప్పుడు ఆవిడే వచ్చి అడిగేది."

అది నిజమే. డెల్మర్ బంకుకి రావడం కూడా మానేశాడు. పీపా నిండుగా పెరట్లో ఉంది. కొండ మీద చెట్టు ఎండిపోతోంది. ఆదివారం చర్చి ఆడవాళ్లు పంపిన బంగాళాదుంపల వంటకం ఇచ్చే వంకతో నేనే వెళ్లాను. డెల్మర్ ట్రక్కు కింద ఉన్నాడు. బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"తిండి తెచ్చాను."

"అక్కడ పెట్టు."

"రెండు పక్కలా కొలత సమానంగా వచ్చిందా?"

"వచ్చింది. ప్రతిసారీ వస్తోంది. టేపు అబద్ధం చెప్పదు ఓపల్."

"ట్రక్కు చెప్తోందా మరి?"

నేను వంగి చూశాను. నా మోకాళ్లకి వంగడం ఇష్టం ఉండదు, కళ్లకి ఉంటుంది. ఛాసిస్‌ చట్రంలో ముందువైపు, రెండు పక్కలా ఒక్కో రంధ్రం ఉంది. అక్కడి నుంచి వెనక ఇరుసు దాకా టేపు లాగాలి. కుడివైపూ అంతే, ఎడమవైపూ అంతే. రెండూ ఒకటైతే ఇరుసు తిన్నగా ఉన్నట్టు. టేపు కొసని నిలపడానికి డెల్మర్ రెండు రంధ్రాలకీ తీగతో చెరో కొక్కెం చేసి తగిలించాడు.

"ఈ తీగ కుడివైపుది గుండ్రంగా ఉంది, ఎడమవైపుది సాగింది ఎందుకు?" అన్నాను. నిజంగా తెలియకే అడిగాను. నాకు ఏది కనిపిస్తే అది అడగడం అలవాటు.

బూట్లు కదలడం ఆగిపోయింది. డెల్మర్ పాకుతూ బయటికొచ్చి, తీగని వేళ్లతో తిప్పి తిప్పి చూశాడు. ఎడమవైపు ఎక్కువ దూరం కాబట్టి, అక్కడ కొలత కలిసే దాకా తనకు తెలియకుండానే గట్టిగా లాగాడు. తీగ వేలి మందం సాగి, ఆయన కోరుకున్న అంకె ఇచ్చింది. మళ్లీ కొలిచినప్పుడూ ఆ సాగిన తీగే.

"ఇదివరకు ఈ కొస దేనికి తగిలించేవాడివి?" అన్నాను.

"దేనికీ కాదు," అన్నాడు. తీగని పక్కన పడేసి, "రోవీనా పట్టుకునేది," అన్నాడు.

చుట్టూ చూశాను. ట్రక్కు పక్కనే బకెట్ ఒకటి బోర్లించి ఉంది, అడుగున గోనెసంచి మడతపెట్టి. ఆమె కూర్చునే చోటు. నేను అడగలేదు, వెళ్లి కూర్చున్నాను. వంగి, టేపు కొసని రంధ్రం అంచుకి బొటనవేలితో నొక్కి పట్టాను.

డెల్మర్ అవతల నుంచి లాగాడు. నా వేలు కోసుకుపోయినంత పనైంది.

"లాగకయ్యా! వేలు ఊడొస్తుంది!"

టేపు వదులైంది. నిజంగా కోపం వచ్చిందేమోనని తొంగి చూశాను. వెల్లకిలా పడుకుని, ఛాసిస్‌ని చూస్తూ ఉన్నాడు. ముఖానికి గ్రీజు.

"ఏమిటి?"

"ఏం లేదు. పట్టుకో."

ఈసారి మెల్లగా లాగాడు. ఎడమవైపు వేలి మందం ఎక్కువ వచ్చింది. ఇరుసుని కమానుకి బిగించే యూ బోల్టులు వదులు చేసి, గొలుసు పుల్లీతో ఇరుసుని కొంచెం కొంచెంగా ముందుకి లాక్కున్నాడు. కొలిచాం. మళ్లీ లాగాడు. మళ్లీ కొలిచాం. రెండు పక్కలా ఒకటే వచ్చాక, ఆ సాగిన రంధ్రంలో మిగిలిన సందుకి ఇనుప ముక్క పెట్టి అతికించి, బోల్టులు బిగించాడు. నా వీపు రెండు ముక్కలైంది. వంటకం చల్లారిపోయింది, అలాగే తిన్నాం, మాటల్లేకుండా. అంటే ఆయన మాటల్లేకుండా.

"సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"నడిపేవాడికి అంతగా తెలీదు. వెనక వచ్చేవాళ్లకి తెలుస్తుంది."

"వెనక ఎవరొచ్చేవాళ్లు?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నాకు తెలుసు. రోవీనా నీలం చిన్న కారులో వెనకే పోయేది, బాగుంటే ఒకసారి లైట్లు వెలిగించేది, బాగోకపోతే హారన్ కొట్టేది. ఆ హారన్ మోతకి మా బిస్కెట్ తల్లి మంచం కింద దూరేది.

మర్నాడు పొద్దున పీపా ట్రక్కులోకి ఎక్కించాడు. నేను నా పాత కారు తీశాను. వద్దనలేదు, రమ్మనలేదు. ఊరు దాటి మట్టిరోడ్డు ఎక్కాక, దుమ్ముకి వెనకపడి కళ్లు చికిలించి చూశాను. వంకరగా ఉన్నప్పుడు ట్రక్కు దుమ్ములో నాలుగు గీతలు గీసేది, ముందు చక్రాలవి వేరు, వెనకవి వేరు. ఇప్పుడు రెండే గీతలు.

నేను ఒకసారి లైట్లు వెలిగించాను.

ట్రక్కు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. బ్రేకు లైట్లు ఎర్రగా అలాగే ఉన్నాయి. దిగుతాడేమో అనుకున్నాను. దిగలేదు. నన్ను కూడా ఎక్కమంటాడేమో, ఆ చెట్టు ఎలా ఉందో నేనూ చూస్తానేమో అని, సిగ్గు విడిచి చెప్తున్నాను, చేతిసంచీ కూడా తీసి పట్టుకున్నాను. పాల డబ్బాల పెట్టె వెనక వేలాడుతూ ఊగి, నిలిచింది. చివరికి ట్రక్కు కదిలింది. మీసా మలుపు దగ్గర తిరిగి, దుమ్మైపోయింది.

సాయంత్రం దాకా గ్లాసులు కడిగినవే కడుగుతూ కిటికీ దగ్గరే ఉన్నాను. ఖాళీ పీపా దబదబమని వినిపించాక గానీ గ్లాసు కింద పెట్టలేదు. కంచె దగ్గరికి పరుగెత్తాను.

"గట్టు?"

"అంచు తాకలేదు."

"చెట్టు బతికుందా?"

"పై కొమ్మలు ఎండిపోయాయి. కిందది ఒకటి పచ్చగా ఉంది."

"కాయలు?"

"ఓపల్..."

"అడిగితే తప్పా?"

"లేవు." గేటు మీద చెయ్యి వేసి ఆగాడు. "లైట్లు ఎందుకు వేశావు?"

"బాగుందని చెప్పొద్దూ?"

"చెప్పాలి. చెప్పాలి." ఇంకేదో అనబోయాడు. "అద్దంలో చూస్తే, నాకు ఒక్క క్షణం..."

అక్కడితో ఆపేశాడు. జీవితంలో అన్నీ అడిగినదాన్ని, అది అడగలేదు.

కొత్తగా బిగించిన యూ బోల్టులు కొంత నడిచాక సడలుతాయట, మళ్లీ బిగించాలట. పై ఆదివారం డెల్మర్ ట్రక్కు కింద దూరడం చూసి, తోటపని చేతి తొడుగులు వేసుకుని వెళ్లాను.

"ఏ కొస పట్టుకోవాలి?"

"ఏదీ అక్కర్లేదు. ఇది ఒక్కడి పనే, ఓపల్."

కోపంగా అనలేదు. ఉన్నమాటే అన్నాడు. తొడుగులు విప్పుకుంటూ తిరిగొచ్చేశాను. కిటికీలోంచి చూస్తే రెండు బూట్లు కనిపించాయి. పానా టక్కుమన్నప్పుడల్లా అవి కాస్త కదులుతున్నాయి. పక్కన ఆ బకెట్ బోర్లించే ఉంది, మీద గోనెసంచి మడతతో.