మాయమ్మ అంగిలి టీవీలో కనిపించిన రోజు

మా అమ్మది అడ్డపొగ. చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకోవడం మా కొండ దిగువ ఊళ్ల ఆడవాళ్లకి కొత్తేం కాదు. కొత్తేమిటంటే, ఆవిడ పళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరడం. పంతొమ్మిదివందల తొంభైల్లో సంతలో ఒకడు పటకారుతో ఆవిడ పన్ను పీకాడు. నేనూ మా పిన్నీ చెరో చెయ్యి పట్టుకున్నాం. ఆ కేక నేనింకా మరిచిపోలేదు. ఆ తర్వాత పంటి మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేచేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి పై దవడ వాచి గంజి కూడా దిగలేదు. తిట్లు తింటూనే పార్వతీపురం బస్సెక్కించాను.

డాక్టరు చిన్నపిల్ల. "ఈ గుంటేటి పీకుతాది" అంది అమ్మ నా చెవిలో. ఆ గుంటపిల్లే మా ఎదురుగా సీలు చింపి కొత్త సూది తీసింది. ముందు చిగురుకి జెల్ రాసి, అది పట్టాకే సూది వేసింది. పంటి వేరు ఎటు వంగిందో ఎక్స్‌రే తీసి కంప్యూటర్లో చూసుకుంది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"ఏటే, సెయ్యి అలా నలిపేత్తన్నావు? బేగి పీకమను."

పన్ను అప్పటికే ట్రేలో ఉంది. ఆ పిల్లకి దండం పెట్టాలనిపించింది.

దూది కరిపించి, వేడి టీ తాగొద్దు, పెదవి కొరుక్కోవద్దు అని చెప్పింది. చుట్ట సంగతి తనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మందులు కొని వచ్చేసరికి వరండాలో దూది కమురు వాసన. అమ్మ హాయిగా అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట లాగి పారేశాను.

"నీకేం పోయేకాలం? నోరు కాలిపోతోంది."

"నాకేటీ తెలీనేదే" అంది. సూదికి మొద్దుబారిన నోటికి నిజంగానే తెలియలేదు.

మళ్లీ లోపలికి తీసుకెళ్తే డాక్టరు కసరలేదు. చల్లటి నీళ్లతో నోరు కడిగించి, పెన్నంత కెమెరా లోపల పెట్టింది. ఎదురుగా టీవీలో అమ్మ అంగిలి. కొత్తగా కమిలిన మచ్చ చిన్నదే. దాని చుట్టూ అంతా తెల్లగా, పగుళ్లిచ్చిన సున్నం గోడలా ఉంది.

"ఈ తెలుపు ఇవాళ్టిది కాదమ్మా, ఏళ్లది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. చెడ్డదైతే ముందే పట్టుకోవచ్చు."

చెడ్డది కాదని తర్వాత తేలింది. అప్పుడు మాత్రం ఎన్నాళ్లకి తెలుస్తుందని డాక్టర్ని రెండుసార్లు అడిగాను. అమ్మ ఆ టీవీ వైపే చూస్తూ కూర్చుంది. తన అంగిలి తాను చూసుకోవడం ఆవిడకి అదే మొదలు.

"సూదేసింది ఈయేల గానీ తల్లీ, నా నోరు ఎప్పుడో సచ్చిపోనాది" అంది. కొంగుముడి విప్పి, మిగిలిన చుట్టలు నా చేతిలో పెట్టి, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచింది.