తవుడు బస్తాల మధ్య ఇంకొక్క టేకు

మా మల్లికార్జునం మామకు ఒక్కటే జబ్బు. ఏ పనీ ఒక్కసారితో సరిపోదు ఆయనకు. ఎంత బాగా చేసినా కళ్లు మూసుకుని, తల ఊపి, "బాగానే ఉండాది. ఇంకొక్క టేకు" అంటాడు. ఈ మాట ఆత్మకూరులో ఎంత ప్రసిద్ధమంటే, మంగలి శీనయ్య ఆయనకు క్రాపు చేసి, అద్దం చూపించి, ఆయన నోరు తెరిచేలోపే, "శెట్టీ, ఇంకొక్క టేకంటే ఇక తోలే ఉండాది" అని కత్తెర లోపల పెట్టేస్తాడు.

జబ్బు పాతదే. పెళ్లిలో తాళి కట్టే వేళకు డోలు కాస్త వెనకబడిందని, గట్టిమేళం మళ్లీ వాయించమన్నాడట. అక్షింతలు వేసేసిన వాళ్లంతా మళ్లీ గుప్పిట నింపుకోవలసి వచ్చింది. "ఒక్క తాళికి రెండు గట్టిమేళాలు ఈ ఊళ్లో నాకొక్కదానికే" అని సుబ్బరత్నమ్మత్త ఇప్పటికీ చెబుతుంది. అది గర్వమో ఫిర్యాదో నాకింతవరకు తేలలేదు.

మామది పశువుల దాణా అంగడి. ముందు తక్కెడ, వెనక గోడౌను. వ్యాపారం దగ్గర మాత్రం పక్కా శెట్టి. పొద్దున్నే బోణీ చేసిన మనిషితో బేరం పెట్టుకోడు. ఆ బోణీ నోటును రెండు కళ్లకూ అద్దుకుని లక్ష్మీదేవి పటం కింద పెడతాడు. ఇక ఆ రోజంతా చిల్లరకు అల్లాడిపోయినా సరే, దాన్ని ముట్టుకోడు, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు.

అలాంటి మనిషి ఒకసారి దాణా కంపెనీ మీటింగుకని మద్రాసు వెళ్లి, ఎలక్ట్రిక్ గిటారుతో దిగాడు. అత్త దాన్ని కొత్తరకం తూకం మిషను అనుకుంది. నేను ఆయన మేనల్లుణ్ణి, పేరు ఉదయ్ కుమార్, సెల్‌ఫోన్లు రిపేరు చేసుకుని బతుకుతుంటాను. నన్ను డ్రమ్ముల ముందు కూర్చోబెట్టాడు. కూతురు శ్రీవిద్యకు కీబోర్డు అప్పగించాడు. గోడౌనులో నాలుగు వైపులా తవుడు బస్తాలు కప్పు దాకా పేర్చి ఉండడం వల్ల లోపలి మోత బయటికి పోదు, బయటి మోత లోపలికి రాదు. సొంత స్టూడియో అమరిందని మామ పొంగిపోయాడు.

"రాక్ అంటే ఏంది మామా?" అని అడిగాను మొదటిరోజు.

"కోపంగా పాడే భజన రా."

కరోనా రోజుల్లో సగం దించిన షట్టర్ వెనక కూర్చుని ఉండగా ఆయనకు ఆల్బం ఆలోచన వచ్చింది. పేరు 'గడ్డుకాలం'. పాటలు దేనికది విడిగా వినేవి కావు. సినిమాకు మల్లే మొదటినుంచి చివరిదాకా ఒకే కథ. వానలు మొహం చాటేస్తాయి, బోరు ఎండుతుంది, పశువులు సంతకు పోతాయి, అంతలో రోగం వస్తుంది, బజారు మూతపడుతుంది, బస్సులు ఆగిపోతాయి. అన్నీ దాటుకుని చివరి పాటలో ఒక ఇంటి తలుపు తెరుచుకుంటుంది. ఆ పాట పేరు 'తలుపు తియ్యి'.

'బస్సు రాదు' పాటకు కండక్టరు కేక కావాలని మామ ఫోను పట్టుకుని బస్టాండుకు పోయాడు. సీతారామపురం బస్సు కండక్టరు సరదాపడి ఊళ్ల పేర్లన్నీ అరిచాడు. "బాగానే ఉండాది సార్. ఇంకొక్క టేకు" అన్నాడు మామ. ఆయన మళ్లీ అరిచాడు. మళ్లీ ఇంకొక్క టేకు. చివరికి డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఓ పెద్దాయనా, పాటలో బస్సు రాకపోతే రాకపోయె, ఈ బస్సునన్నా పోనీ" అన్నాడు.

ఇలా మిగిలిన పాటలన్నీ మా ప్రాణాలు తోడి ఎట్లాగో పూర్తయ్యాయి. 'తలుపు తియ్యి' దగ్గర బండి ఆగింది. ఆగడానికి కారణం ఓబులమ్మవ్వ.

ఆమెది అనంతసాగరం. మొగుడు ఆదినారాయణ మా అంగడికి పాత గిరాకీ. రెండోసారి కరోనా వచ్చినప్పుడు పోయాడు. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట పెట్టుకోలేదు. ఉన్న ఒక్క గేదెకు తవుడు కోసం వస్తే, బస్తా వైపు వేలు చూపించి, డబ్బిచ్చి, ఆటో ఎక్కి పోయేది. ఒకరోజు మేము చివరి పాట సాధన చేస్తుంటే గోడౌను గుమ్మంలో నిలబడి, మూట కట్టేదాకా ఊరుకోలేక సన్నగా గొంతు కలిపింది. మామ గిటారు ఆపి, మైకు ఆమె ముందుకు జరిపాడు.

"అక్కా, 'తెల్లారింది తలుపు తియ్యి' అను. నాట్లప్పుడు పాడతావే, అట్లా."

ఆమె పాడింది. నా చేతిలో పుల్లలు అట్లాగే ఉండిపోయాయి. శ్రీవిద్య కళ్లు తుడుచుకుంది. ఇంతకంటే ఏం కావాలని నేను మామ వైపు చూశాను.

"బాగానే ఉండాది" అన్నాడు మామ కళ్లు మూసుకుని. "గురువారం రా అక్కా. ఇంకొక్క టేకు."

గురువారం వచ్చింది. ఆ రోజు ఆటో మోత పడిందన్నాడు. సోమవారం వచ్చింది. గొంతులో తవుడు దుమ్ము వినబడిందన్నాడు. ఇంకోరోజు ఊపిరి ముందొచ్చిందన్నాడు. ఊపిరి ముందు రాక వెనక వస్తుందా అని నేనడిగితే, నీ డ్రమ్ములు నువ్వు చూసుకోమన్నాడు. వచ్చినప్పుడల్లా అత్త అన్నం పెట్టకుండా పంపేది కాదు. రానురాను అవ్వ నోరు విప్పింది. ముందు అత్త పులుసుకు వంకలు పెట్టింది. తర్వాత నా మీద పడింది.

"ఏందబ్బయ్యా ఆ వాయించడం? రేకుల మీద కోతులు దూకినట్టు ఉండాది."

"అది రాక్ అవ్వా."

"ఏదయితే ఏంది, మెల్లిగా దూకమను."

ఇంతలో మా ఆల్బం సంగతి తెలిసిన ఉదయగిరి డిగ్రీ కాలేజీ లెక్చరర్ కరుణశ్రీ గారు మామకు ఫోను చేశారు. కాలేజీ వార్షికోత్సవంలో ఆల్బం మొత్తం వినిపిస్తామని, ఈ వారంలో పాటలు అందకపోతే ఆ సమయం రికార్డింగ్ డ్యాన్సుకు ఇచ్చేస్తామని చెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్ల మా చాకిరీ ఒక్క టేకు దగ్గర రికార్డింగ్ డ్యాన్సు పాలు కాబోతోంది. మూడు రోజులు ఓపికపట్టి, మామ భోజనానికి లేచిన సమయం చూసి, ఉన్నవాటిలో మంచి టేకు ఏదో నేనే ఏరేద్దామని గోడౌనులో దూరాను. చీకట్లో మైకు వైరు కాలికి తగులుకుని బోర్లా పడ్డాను. లేచి ఆ వైరు పట్టుకుని పోతే, దాని రెండో కొస ఏ మిషనుకూ తగిలించి లేదు. వెనక ఒక తవుడు బస్తా చెవికి శుభ్రంగా ముడేసి ఉంది.

అన్నం చేతితోనే వచ్చిన మామ నన్నూ వైరునూ చూశాడు.

"మామా, ఏంది ఇది? ఇన్నాళ్లూ ఆమె పాడింది తవుడుకా?"

"అరవబాక రా. అత్త వినిందంటే ఊరంతా వినినట్టే."

"మరి పాట?"

"తొలినాడు పాడింది గదా, అదే పెట్టినాను. తొలి టేకంటే బోణీ రా. బోణీని ఎవుడన్నా పారేస్తాడా? ఒక్క ఆమెదే కాదు, ఆల్బంలో అందరివీ తొలి టేకులే. మేడంకు మొన్ననే పంపించినా."

కండక్టరు పడ్డ పాట్లు, నా భుజాల నొప్పులు కళ్లముందు తిరిగాయి. "మరి మాకెందుకు ఇన్ని టేకులు?" అన్నాను.

"మీకయితే నా జబ్బుకొద్దీ" అన్నాడు దాపరికం లేకుండా. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆమెది వేరే సంగతి. ఉన్న ఒక్క గేదెనూ అమ్మేసినాది. తవుడుతో ఇంక పనిలేదు. పాట కూడా అయిపోయిందని చెప్తే, ఏ పని మీద వస్తది ఈడికి? మళ్లీ పోయి తలుపేసుకుంటది."

నాకు కోపం ఎటుపోయిందో తెలియలేదు. మా మామ మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ పుట్టలేదు.

వార్షికోత్సవానికి దాణా వ్యానులో అందరం ఉదయగిరి వెళ్లాం. వెనక కొండ, ముందు కుర్చీలు, మధ్యలో పెద్ద స్పీకర్లు. పిల్లలు మొదట గోల చేశారు. 'బస్సు రాదు'కు విజిళ్లు వేశారు. 'తలుపు తియ్యి'లో అవ్వ గొంతు ఎత్తుకునేసరికి గ్రౌండంతా సద్దుమణిగింది, పాట అయ్యాక ఒకటే చప్పట్లు. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మామ మాత్రం పాలిపోయి ఉన్నాడు. పాట అయిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. గురువారం ఇక ఏం చెప్పి పిలవాలి?

తిరుగు దారిలో మామ ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక నేను అవ్వను కదిపాను.

"అవ్వా, ఇంక టేకులు లేవు గదా, హాయిగా ఉంటావులే."

"ఏం హాయిరా. ఆ వైరు సంగతి నాకు తెలియదనుకున్నావా? రెండోనాడే చూసినా. తవుడు మూటలో కరెంటు ఉంటదా యాడన్నా?"

"మరి ఇన్నాళ్లూ ఎందుకు పాడినావు?"

"పాపం, శెట్టికి గిరాకీ యాడుండాది? గొడ్లు పెట్టుకునే వాళ్లంతా అమ్ముకుని వలస పోతిరి. పొద్దస్తమానం ఒంటిగా తక్కెడ ముందర కూర్చునుంటాడు. ఆయనకు ఈ పాటల పిచ్చి ఒక్కటే దిక్కు. నేను కూడా రాకపోతే దిగులుపడిపోడా? చెప్పబాక, నొచ్చుకుంటాడు."

గురువారం మామ తక్కెడ ముందు ఈగలు తోలుకుంటూ వీధి వైపు చూస్తూ ఉన్నాడు. షేర్ ఆటో వచ్చి ఆగింది. అవ్వ దిగి, చెప్పులు విడిచి, నేరుగా గోడౌనులోకి నడిచింది.

"శెట్టీ, ఉదయగిరిలో విన్నా గదా. బాగానే ఉండాది నా గొంతు" అంది. "ఇంకొక్క టేకు."

మామ గిటారు కోసం పరిగెత్తాడు. నేను వైరు కొస వెతికి పట్టుకుని, తవుడు బస్తాకు గట్టిగా ముడేశాను.