మంజు ఎడమచెవి

ముందే చెప్పేస్తున్నా. నాకు పెంచి చెప్పే జబ్బుంది. దోమ కుడితే పాము కరిచిందంటాను. నగర్తపేటలో నా దారాల అంగడి ముందు నలుగురు నిలబడితే ఊరేగింపు వెళ్తోందంటాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినండి. కానీ పద్నాలుగేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. దాని బరువు మాత్రం సరిగ్గా తూచే చెబుతాను. ఎందుకంటే అందులో నేను చేసింది పెంచడం కాదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మాటను తగ్గించి చెప్పాను.

మంజు నా చెల్లెలి కూతురు. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. తల్లీబిడ్డలు మా ఇంటి పైవాటాలో ఉండేవాళ్లు. చెల్లెలు పొద్దున్నే జిగణి మందుల ఫ్యాక్టరీ బస్సెక్కిపోయేది. బడి, డాక్టరు, చివరికి మంజు జడలు కూడా నా వంతే. నేనల్లిన జడ చూసి కాకులు గుడ్లు పెట్టడానికి వచ్చేవి.

మా అమ్మ దగ్గర నేర్చిన విద్య ఒకటుంది నాకు. నువ్వులనూనెలో రెండు వెల్లుల్లి రేకలు వేసి కాచి, గోరువెచ్చగా అయ్యాక చెవిలో పొయ్యడం. ఆదివారం తలంట్లకు ముందు వీధిలోని పిల్లలంతా మా అరుగు మీద వరసగా పక్కకు తిరిగి పడుకునేవాళ్లు. ఆ వాసనకు మెజెస్టిక్ బస్టాండులో బస్సులు దారి తప్పేవి. చెవి డాక్టరన్న అని పేరు పెట్టారు నాకు. నవ్వకండి. ఆ పేరంటే ప్రాణం నాకు.

మంజు ఎడమచెవి కారడం మొదలైంది. దిండు మీద పసుపు మరకలు. నూనె పోశాను. తగ్గలేదు. ఇంకాస్త పోశాను. ఎడమపక్క నుంచి పిలిస్తే పిల్ల తిరగడం లేదని బడిలో టీచరు చెప్పి పంపింది. చెల్లెలు డాక్టరుకు చూపించమంది. తీసుకుపోయాను.

డాక్టరమ్మ చూసి చెప్పింది. చెవి పొరకు చిల్లు పడిందట. నూనె కాదు, నీటిచుక్క కూడా లోపలికి పోకూడదట. మందు చుక్కలు రాసిచ్చి, నెల తర్వాత తప్పకుండా మళ్లీ తీసుకురమ్మంది. నూనె పోసిందెవరని అడిగింది. నేనే అన్నాను. అంతే, బయట కూర్చున్న నలభై మందికీ వినపడేలా, గోడల సున్నం రాలేలా తిట్టింది. పసిదాని చెవినేమైనా ప్రమిద అనుకున్నావా అంది. తలెత్తలేక చీటీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

సాయంత్రం చెల్లెలు బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా అడిగింది.

"ఏమన్నారన్నా?"

"ఏముండాది? జలుబు. వారం రోజులు చుక్కలు వెయ్యమన్నారు. పెద్దయితే అదే పోతుందంట."

"చెవుడు కాదు గదా?"

"నీ మాట వినకపోయేదానికి చెవుడెందుకమ్మా, నీ కూతురైతే చాలు."

నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "నూనె పొయ్యొచ్చంటనా?"

"పోసుకోమన్నారు."

ఎందుకలా అన్నాను? పొయ్యకూడదంటే తర్వాతి ప్రశ్న, ఇన్నాళ్లూ పోసిందెవరని. అడగదని నాకు తెలుసు. చూస్తుంది, అంతే. ఆ చూపు ఒకటి తప్పించుకోవడానికి, వీధిలో నాలుగిళ్లవాళ్లు పెట్టిన ముద్దుపేరు ఒకటి పోకుండా ఉండడానికి, ఒక పిల్ల చెవిని పణంగా పెట్టానా? పెట్టాను.

ఆ ఆదివారం అంగడి పని ఉందని తప్పించుకున్నాను. చెల్లెలే నూనె కాచింది. చెల్లెలే పోసింది. నేను గుమ్మంలో దారపు ఉండ చుడుతూ చూశాను. అలా రెండేళ్లు. ఒకసారి నూనెగిన్నె దాచేశాను. ఇంకో గిన్నెలో కాచింది.

పదకొండో ఏట చెవి వెనక వాచి, జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. చీము లోపలి చిన్న ఎముకల్ని తినేసిందన్నారు. నూనె గానీ పోశారా అని అడిగితే చెల్లెలు వెంటనే, నేనే సార్, అంది. ఫైలు నా చేతిలో ఉంది. కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను.

ఆ చెవికి వినికిడి సగం కూడా తిరిగి రాలేదు. చెడింది నూనెతోనా, చీముతోనా, పోగొట్టుకున్న రెండేళ్లతోనా? ఎన్నోసార్లు వేసుకున్న ప్రశ్నే. ఏ జవాబు చెప్పుకున్నా ఆ రెండేళ్లు నావే.

మంజు ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉద్యోగం చేస్తోంది. చెవిలో చిన్న మిషన్, పైన జుట్టు కప్పి ఉంటుంది. ఆటోలో ఎప్పుడూ నాకు ఎడమపక్కనే కూర్చుంటుంది, మంచి చెవి నావైపు ఉండాలని. నా అబద్ధాల కథలు ఒక్కటీ పోకూడదట.

పోయిన నెల పక్కింట్లో చంటిదానికి చెవులు కుట్టించారు. ఎవరో నూనెగిన్నె తెస్తే చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది. నా చేతులతో నేనే నా బిడ్డ చెవి చెడగొట్టుకుంటిని, మీరు పొయ్యొద్దండమ్మా, అంది. అందరి ముందూ, మామూలు గొంతుతో. నేను ఆకు ముందు కూర్చుని పాయసం తాగుతున్నాను. ఆ క్షణంలో ఏమనిపించింది? ఏమీ అనిపించలేదు. పాయసంలో యాలకులు ఎక్కువయ్యాయనుకున్నాను. ఇంటికొచ్చాక, ఏమీ అనిపించనందుకు భయమేసింది.

రేపే వెళ్లి చెల్లెలితో చెబుతానని ఇక్కడ రాయను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. కానీ ఆ నూనె ఆమెతో పోయించింది నేను. ఈ వాక్యం ఇన్నేళ్లలో ఒక్కసారీ బయటికి రాలేదు. ఇప్పుడు మీ దగ్గర ఉంది. ఛాతీలో చారెడు జాగా అయింది. అంతకు మించి ఏమీ లేదు.

పైన ఒక్కచోట కల్పించాను. కాకులూ బస్సులూ కాదు, అవి మీరెలాగూ నమ్మరు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. బయట నలభై మందీ లేరు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, మెల్లగా, కాగితం మీద చెవి బొమ్మ గీసి చూపించింది. అర్థమైందా అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి అడిగింది.

రెండుసార్లూ అయిందనే అన్నాను.