శుభలేఖల మీద పసుపు చారలు

మా చెల్లెలి శుభలేఖలు ఇంట్లోనే అచ్చు వేద్దామన్నది నేను. మగపెళ్ళివారు ఉన్నట్టుండి ముహూర్తం ముందుకు జరిపారు. తణుకులో మేము ఎప్పుడూ అచ్చు వేయించే ప్రెస్సాయన, శ్రావణమాసం పెళ్ళిళ్ళన్నీ తన నెత్తి మీదే ఉన్నాయనీ, మా వంతు వచ్చేసరికి పెళ్ళి కూడా అయిపోతుందనీ నిజాయితీగా చెప్పేశాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మా వీధిలో కంప్యూటరూ, దాని పక్కన ఇంక్‌జెట్ ప్రింటరూ ఉన్న ఇల్లు మాదొక్కటే. ప్రెస్సువాళ్ళు వారం చేసే పని మనకు ఒక మధ్యాహ్నం పడుతుందని నాన్నగారితో అన్నాను. ఆయన నమ్మారు.

చెల్లెలు పుట్టిన ఏడాదికే అమ్మ పోయింది. అప్పటికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్త దాన్ని పెంచింది. లాల పోయడం దగ్గర్నుంచి డిగ్రీ పరీక్షలకు పెరుగన్నం పెట్టి పంపడం దాకా అన్నీ ఆవిడే. ఇక శుభలేఖలకు నాలుగు మూలలా పసుపు పెట్టడం మా ఇళ్ళల్లో మామూలు, అది ముత్తయిదువ చేతుల మీదుగా జరగాలి. అత్తయ్య ఒక్కసారే, అదీ బెండకాయలు తరుగుతూ ఎటో చూస్తూ అడిగింది.

"కార్డులకి పసుపు నేను పెట్టకూడదంటావా తమ్ముడూ?"

అక్కగారి మాటకు ఎదురు చెప్పడం నాన్నగారికి అలవాటు లేదు. అందుకని ఆవిడకు చెప్పకుండా, నిడదవోలు నుంచి మా పిన్ని శుక్రవారం రైలుకి వస్తోందనీ, పసుపూ కుంకుమా అంతా తనే చూసుకుంటుందనీ గోడ మీది క్యాలెండరుకి చెప్పారు. అత్తయ్య సరేనంది. పిల్లను పెంచడానికి పనికొచ్చిన చెయ్యి దాని పెళ్ళి కార్డు మూలకు పనికిరాకపోవడం మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు.

మీగడ రంగు దళసరి కాగితం తెచ్చాను. మొదటి కార్డు బయటికొచ్చింది. అక్షరాలు నీళ్ళు తగిలినట్టు అలుక్కుపోయి ఉన్నాయి. నాన్నగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు గానీ ఎర్ర పెన్ను మాత్రం రిటైరవలేదు. ఆయన కార్డు అందుకుని, అలుక్కుపోయిన చోటల్లా సున్నా చుట్టి, అడుగున "శ్రద్ధ లేదు" అని రాసి నాకు తిరిగిచ్చారు. శ్రద్ధ లేనిది నాకో ప్రింటరుకో ఆయన చెప్పలేదు.

ఆలోచిస్తే కారణం తెలిసింది. వారం రోజులుగా ముసురు. ఇంట్లో అప్పడాలు కూడా మెత్తబడుతున్నాయి, కాగితం మాత్రం ఎందుకు మెత్తబడదు? కాగితాలన్నీ తీసుకెళ్ళి అత్తయ్యకిచ్చి, పొయ్యి మీది అలమరలో వెచ్చగా ఉంచమన్నాను. ఆవిడ ఎంత సంబరంగా అందుకుందంటే, ఆ సంబరం చూసైనా నాకు అనుమానం రావలసింది. నేను నా తెలివికి మురిసిపోతూ ఉన్నాను.

మర్నాడు ఆ కాగితాలతో మొదలుపెట్టాను. అక్షరాలు చక్కగా వచ్చాయి. చక్కగా వచ్చిన అక్షరాల పక్కన పైనుంచి కిందదాకా పచ్చటి చార ఒకటి వచ్చింది. ఇంకో కార్డు తీస్తే రెండు చారలు. మూడోసారి ప్రింటరు రెండు కాగితాలు కలిపి లాక్కుని, మధ్యలో ఆగి, ఎర్ర దీపం వెలిగించి కూర్చుంది.

చార పసుపు రంగులో ఉంది కాబట్టి పసుపు ఇంకు కారుతోందని తేల్చాను. ఇందులో నా తప్పేమీ లేదు, ఎవరైనా అలాగే తేలుస్తారు. హెడ్ క్లీనింగ్ చేశాను. క్లీనింగంటే ఆ యంత్రం కాసేపు గరగరలాడి, ఉన్న ఇంకులో కొంత తాగేసి, ఇప్పుడెలా ఉందో చూడమని ఒక టెస్టు పేజీ ఇవ్వడం. టెస్టు పేజీ అద్దంలా వచ్చింది, ఎందుకంటే దాన్ని చేతికందిన పాత కాగితం మీద తీశాను. ఆ తరవాత తీసిన శుభలేఖ మీద పచ్చటి చార యథాతథంగా ఉంది. అలైన్‌మెంట్ సరిచేశాను. ఇంకు చిమ్మే నాజిళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచాను. నాన్నగారు ఇదంతా ఓల్టేజీ లోపమని ప్రకటించి ఫ్రిజ్జుకున్న స్టెబిలైజరు పీకించి ప్రింటరుకు పెట్టించారు. చారలు తగ్గలేదు గానీ ఫ్రిజ్జులో పాలు విరిగాయి.

రాజమండ్రిలో ప్రింటరు అమ్మిన షాపుకి ఫోన్ చేశాను. కలర్ కార్ట్రిడ్జ్ పోయి ఉంటుందండీ, మార్చేయండి అన్నాడతను, ఒంట్లో బావుండక వెళ్తే టానిక్ రాసే డాక్టరంత తేలిగ్గా. బస్సెక్కి వెళ్ళి కొత్తది తెచ్చి వేశాను. మళ్ళీ చార. చివరికి రంగులన్నీ ఆపేసి నలుపొక్కటే పెట్టి తీశాను. నల్ల అక్షరాల పక్కన పచ్చటి చార వచ్చింది. పసుపు ఇంకు వాడని యంత్రం పసుపు రంగు ఎక్కణ్ణుంచి తెస్తోందన్న ప్రశ్న మామూలు మనిషికి అక్కడే రావాలి. నాకు మాత్రం ఈ కంపెనీవాళ్ళు మోసం చేశారన్న కోపం వచ్చింది. ప్రతి ప్రయత్నానికీ ముందు వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళి ఇంకాసిని కాగితాలిమ్మనేవాణ్ణి. అత్తయ్య రెండు చేతులతో అందించేది. మిషను బాగుపడిందా నాన్నా అని అడిగేది.

గురువారం పొద్దున్న అత్తయ్య స్నానానికి వెళ్ళింది. ఆగే ఓపిక లేక, విప్పని కట్ట ఒకటి మంచం కింద ఉంటే విప్పి ఒక కాగితం పెట్టాను. అంచుల దగ్గర కాస్త పాత పచ్చదనం తప్ప కార్డు శుభ్రంగా వచ్చింది. కార్ట్రిడ్జ్ కుదురుకుందని నాన్నగారిని పిలిచాను. ఆయన ఎర్ర పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేసి, "పాస్" అన్నారు. ఆ ఉత్సాహంలో అత్తయ్య అలమరలోంచి నేనే ఓ గుప్పెడు కాగితాలు తెచ్చి పెట్టాను. పచ్చటి చార వచ్చేసింది.

అప్పుడు కాగితం తిరగేశాను. వెనకవైపు, నాలుగు మూలలా, వేలికొసంత పసుపు. మీగడ రంగు మీద తేలిగ్గా కనబడదు. కొన్నింటికి ఇంకా తడి కూడా ఆరలేదు. అలమరలో ఉన్న కట్టంతా అలాగే ఉంది. ప్రింటరు మూత తీసి కాగితాన్ని లాగే రోలర్లు చూస్తే, శుభమా అని గడపకు రాసినట్టు పచ్చగా మెరుస్తున్నాయి.

అత్తయ్య తడి జుట్టుకు తుండు చుట్టుకుని వచ్చేసరికి ఆ కాగితం నా చేతిలో ఉంది. అది చూసి ఆవిడే అంది.

"ఇవింకా శుభలేఖలు కాదు కదరా. ఉత్త తెల్ల కాగితాలు. ఉత్త కాగితానికి పసుపు పెట్టకూడదని ఎవరూ అనలేదు. నువ్వు అచ్చేశాక నేను ముట్టుకోలేదు, ఒట్టు."

ఆ న్యాయం ముందు నా ఇంజినీరింగు డిగ్రీ నిలబడలేదు. ఆవిడ ఆచారాన్ని మీరలేదు. ఆచారం మొదలయ్యే చోటు ఎక్కడో చూసుకుని దానికి ఒక అడుగు ఇవతల కూర్చుని పని కానిచ్చేసింది. నాకు నవ్వొచ్చింది. వరండాలో పేపరు చదువుతున్న నాన్నగారికి అంతా వినబడింది.

ఆయన పేపరు మడిచి లోపలికొచ్చి, కొత్త కాగితం తెచ్చి అన్నీ మళ్ళీ వేయమన్నారు. చెల్లెలు ఒప్పుకోలేదు. చారలున్నవే పంచుదామంది, కాదంటే అసలు కార్డులే వద్దంది. అది నాన్నగారి మాట కాదనడం నేను చూడటం అదే మొదలు. రోలర్లు తుడిచి, మిగతా కట్టంతా పసుపు మూలలతోనే అచ్చు వేశాను. ప్రతి పది కార్డులకూ ఒకసారి రోలరు తుడవాలి. ఆ పని అత్తయ్యే చేసింది, మిషనుకు సేవ చేయడానికి ముత్తయిదువ కానక్కర్లేదు కాబట్టి.

శుక్రవారం పిన్ని దిగింది. కాళ్ళు కడుక్కుని, చాప మీద కూర్చుని, తెచ్చిన పసుపు భరిణె మూత తీసి, మొదటి కార్డు అందుకుంది. అటూ ఇటూ తిప్పింది.

"వీటికి ముందే పెట్టేశారేంటి బావగారూ? ఎవరు పెట్టారు?"

నాన్నగారు గొంతు సవరించుకున్నారు. అక్కను ఎవరూ మాట అనకూడదని ఆయన తాపత్రయం. అది నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఆయన నోట్లోంచి వచ్చిన మాట విని నాకు ఒళ్ళు మండింది.

"మిషనమ్మా. ఏదో లోపం. మిషనే పూసేసింది."

అత్తయ్య పిన్నికి కాఫీ తెస్తోంది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. గ్లాసు పిన్ని ముందు పెట్టింది.

"మిషను కాదమ్మా. నేను."

పిన్నికి ఆచారాలంటే భయమే తప్ప ప్రేమేమీ లేదు. నాన్నగారి వంక చూసింది. ఆయన ప్రింటరు వంక చూస్తున్నారు. పిన్ని భరిణె అత్తయ్య వైపు జరిపి, సగం పని మీరే చేసేశారు కదా వదినగారూ, మిగతాది కూడా కానివ్వండి, నేను కాఫీ తాగుతాను అంది.

అత్తయ్య చాప మీద కూర్చుంది. తడిపసుపు వేలికి తీసుకుంది. చాటుగా కట్టలకు కట్టలు పూసిన చెయ్యి, అచ్చయిన కార్డు మీదికొచ్చి ఆగిపోయింది. పెదవులు బిగించి మళ్ళీ ప్రయత్నించింది. వేలు కిందికి దిగలేదు. ఇన్నేళ్ళుగా వద్దన్నది మేమే అయినా, ఇప్పుడు ఆపుతున్నది మేము కాదు. నాకు మా అందరి మీదా అసహ్యం వేసింది.

చెల్లెలు వచ్చి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కార్డు తీసి పక్కన పెట్టింది.

"కార్డుకెందుకులే అత్తయ్యా. నాకు పెట్టు."

అని చెంప చూపించింది. అత్తయ్య నాన్నగారి వంక చూడలేదు. పెట్టింది.